పురాణగాథలూ, మార్మికులూ, మనమూ

1

పురాణకథకు పైకి కనిపించే అర్థం ఒకటి, లోపల దాగిన అర్థం మరొకటి అని చెప్పేవాడికి మన దేశంలో శ్రోతల కొరత ఎన్నడూ లేదు. పాలసముద్రమంటే మనస్సు, మందరపర్వతమంటే ఏకాగ్రత, వాసుకి అంటే కుండలిని, హాలాహలమంటే పూర్వజన్మ వాసన. ఇటువంటి వ్యాఖ్యానం ఏ పురాణ కాలక్షేపంలోనైనా, ఈనాడు ఏ సెల్‌ఫోన్ తెరమీదనైనా వినవచ్చు. దాన్ని గురించి మనం పెద్దగా బెంగపడనక్కరలేదు. కాని ఇదే వ్యాఖ్యానం ఇంగ్లీషు దుస్తులు వేసుకుని, ప్రపంచ పురాణగాథల తులనాత్మక పరిశీలన అన్న బిరుదు తగిలించుకుని వచ్చినప్పుడు మన విద్యార్థుల్లో తెలివైనవాళ్లే దానికి లొంగిపోతున్నారు. పుస్తకాలు కొని చదివేవాళ్లు, మన సభల్లో ముందు వరుసలో కూర్చునేవాళ్లు కూడా అందులో వున్నారు. ఇది బెంగపడవలసిన విషయమే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో తెలుగు సాహిత్యం చదివేవాళ్లతోనూ, బోధించేవాళ్లతోనూ మాట్లాడుతున్నప్పుడు నాకు ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "మార్క్సిజం పురాణానికి చుట్టూ వున్న సమాజాన్ని చెప్పగలదు, పురాణం ఆత్మను మాత్రం చెప్పలేదు. అది మార్మికులకే తెలుసు" అని. కోదాడలో ఒక యువ ఉపాధ్యాయుడు ఈ మాటను మరింత సూటిగా అడిగాడు: "మీరు అబద్ధమని తేల్చేసిన తర్వాత కూడా ఆ కథ నన్ను ఎందుకు వదలడం లేదు సార్?"

ఈ ప్రశ్న సబబైనది. దీనికి జవాబు చెప్పకుండా అడిగినవాణ్ణి వెనుకబడినవాడని తిట్టడం విమర్శ కాదు. ఈ ప్రశ్నకు మార్మికులు ఇచ్చే జవాబు మాత్రం తప్పు అని నా వాదన. తప్పు మాత్రమే కాదు, ఆ జవాబు కథను దాని సొంతదారుల చేతుల్లోంచి లాక్కుంటుంది. ఈ సంగతి నిరూపించడానికి ఆ మార్గంలో మనకు అందరికన్నా దగ్గరగా వచ్చిన ఒక ఐరిష్ రచయితను తీసుకుంటాను. ఆయన తన జీవితంలో సగభాగం మన దేశంలో గడిపి, తెలుగు నేలమీదనే కన్నుమూశాడు.

2

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఏట్స్, జార్జి రసెల్ ప్రభృతులు ఐర్లండు ప్రాచీన గాథలను తవ్వితీసి కొత్త సాహిత్యం నిర్మిస్తున్న రోజుల్లో డబ్లిన్ చేరి ఆ ఉద్యమంలో కలిశాడు. ప్రాచీన ఐరిష్ గాథ ఆధారంగా ఆయన రాసిన చిన్న నాటకం 1902లో డబ్లిన్‌లో ప్రదర్శితమయింది. తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. 1912లో ఐరిష్ పురాణగాథలకు ఆంతరిక వ్యాఖ్యానం చేస్తూ "పశ్చిమ దేశపు జ్ఞానం" అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. 1915లో అనీబిసెంట్ ఆహ్వానంమీద భార్య మార్గరెట్‌తో మద్రాసు వచ్చి "న్యూ ఇండియా" పత్రికలో పనిచేశాడు. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ వ్యాసం రాసి ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడయ్యాడు, ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు. 1919లో రవీంద్రుడు జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నది ఆ కళాశాలలో వున్న రోజుల్లోనే. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ 1917లో భారత మహిళా సంఘ స్థాపనలో ముఖ్యపాత్ర వహించింది. ఇంగ్లీషు కవిత్వం గురించి కజిన్స్ రాసిన పుస్తకానికి సమీక్షగా మొదలుపెట్టిన రచనే అరవిందుని చేతిలో పెద్ద కావ్యవిమర్శగా పెరిగింది. కజిన్స్ 1956లో మదనపల్లెలోనే మరణించాడు.

ఈ చరిత్ర ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రత్యర్థి ఊహల్లో బొమ్మ కాదు. సామ్రాజ్యవాదాన్ని వ్యతిరేకించినందుకు నష్టపోయినవాడు. తెల్ల పాలకులు ఆటవికమని ఈసడించిన కథల్లో ఒక జ్ఞానం వుందని, ఐర్లండు కథకూ ఇండియా కథకూ చుట్టరికం వుందని, రెండు పరాధీన జాతులకూ చెప్పినవాడు. ఆ మాట వినగానే మన చదువుకున్నవాళ్ల గుండె పొంగిందంటే అందులో ఆశ్చర్యం లేదు. పాదరీలు అవమానించిన కథకు ఒక తెల్లవాడే లేచి నమస్కరించాడు! ఆ ఆకర్షణలో ఆనాడు న్యాయమైన అంశం కొంత వుంది. దాన్ని కాదనడం చరిత్రను కాదనడమే అవుతుంది.

అయితే ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. కజిన్స్ 1913లో డబ్లిన్ వదిలిపెట్టాడు. మరుసటి సంవత్సరం, 1914లో, కృష్ణాజిల్లా నుంచి ఒక తెలుగువాడు లా చదవడానికి అదే డబ్లిన్ వెళ్లాడు. ఆయన త్రిపురనేని రామస్వామి చౌదరి. డబ్లిన్ నుంచి మదనపల్లెకు వచ్చినవాడు పురాణంలో ఆత్మ పరిణామాన్ని చదివాడు. డబ్లిన్ నుంచి తెనాలికి తిరిగివచ్చినవాడు "శంబుకవధ" రాసి, తపస్సు చేసినందుకు శూద్రుణ్ణి చంపిన రాజ్యం ఎవరి రాజ్యమని అడిగాడు. ఒకే నగరం గాలి పీల్చిన ఇద్దరు మనుషులు మనకు రెండు దారులు చూపించారు. మన విశ్వవిద్యాలయాల్లో కొందరు రెండో దారిని "అదంతా ద్వేషసాహిత్యం" అని పక్కకు తోసి, మొదటి దారిని "లోతైన పరిశీలన" అంటున్నారు. లోతు అనే మాటను ఇంత అన్యాయంగా వాడడం నేనెక్కడా చూడలేదు.

కజిన్స్ పోయి డెబ్బై ఏళ్లవుతున్నా ఆయన మార్గం పోలేదు. ఐర్లండులోనే కెర్రీ ప్రాంతపు రైతు కుటుంబంలో 1938లో పుట్టిన జాన్ మోరియార్టీ, కెనడాలో ఇంగ్లీషు సాహిత్యం బోధించి, 1971లో ఆ ఉద్యోగం వదిలి స్వదేశం వచ్చి, తోటమాలిగా పనిచేస్తూ, కెల్టిక్, క్రైస్తవ, హిందూ, ఆదిమ అమెరికన్ గాథలన్నిటినీ కలిపి పెద్దపెద్ద గ్రంథాలు రాశాడు. "డ్రీమ్‌టైమ్" 1994లో వచ్చింది. ఆయన 2007లో చనిపోయినా ఆ రచనలకు పాఠకులు వున్నారు. మనిషి ప్రకృతిని యంత్రంలా చూడడం నేర్చి చెడిపోయాడనీ, పురాతన గాథలు మళ్లీ మనకు చూపు ఇస్తాయనీ ఆయన ఆవేదన. ఆ ఆవేదన కపటం కాదు. మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ములో పెరిగిన కుర్రవాడికి, హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ ఒడ్డున పెరిగిన అమ్మాయికి, నదికి ప్రాణముంది, కొండకు జ్ఞాపకముంది అన్న మాట చల్లగా తగులుతుంది. కాని రోగి బాధ నిజమైనంత మాత్రాన వైద్యుడి మందు నిజమైపోదు.

3

ఈ మందు ఎలా తయారవుతుందో చూద్దాం. మార్మిక వ్యాఖ్యానం ఏ దేశంలో రాసినా మూడు మెట్లమీదనే నడుస్తుంది. మొదటి మెట్టు, అన్ని కథలూ ఒకటే అనడం. రెండోది, కథలోని వస్తువులన్నీ సంకేతాలే అనడం: ఆవు ఆవు కాదు, నది నది కాదు, యుద్ధం యుద్ధం కాదు. మూడోది, ఆ సంకేతాల అర్థం కాలాతీతమనీ, అది తెలిసినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందేననీ అనడం. ఈ మూడు మెట్లూ ఎక్కిన తర్వాత కథలో మిగిలేది ఒక ఒంటరి ఆత్మ, దాని ప్రయాణం. ఊరు, పొలం, పన్ను, కులం, ఆకలి ఏమీ మిగలవు.

ఈ పద్ధతిని మన కథమీద ప్రయోగించి చూద్దాం. గొల్లలకు మందహెచ్చులు తరతరాలుగా చెప్పుతూ వచ్చిన కాటమరాజు కథ వుంది. తంగిరాల వెంకట సుబ్బారావు శ్రమపడి సేకరించి పరిష్కరించిన ఆ కథలచక్రం తెలుగు వీరగాథా సాహిత్యంలో ఒక మహానిధి. కరువు వచ్చి గొల్లలు ఆలమందలను తోలుకుని నెల్లూరు సిద్ధిరాజు బీళ్లకు వస్తారు. మేతకు పుల్లరి ఒప్పందం జరుగుతుంది. ఒప్పందంలో తగవు పుడుతుంది, పశువుల చావుదాకా పోతుంది, కాటమరాజు పుల్లరి కట్టనంటాడు. పాలేటి ఒడ్డున యుద్ధం జరుగుతుంది. రాజు పక్షాన ఖడ్గతిక్కన నేలకూలతాడు. పదమూడో శతాబ్దపు చరిత్ర ఈ కథ వెనుక వున్నదని పండితులు చెబుతారు.

ఇప్పుడు మార్మికుణ్ణి పిలవండి. ఆవులు ఇంద్రియాలు అంటాడు. గోపాలకుడు జీవుడు అంటాడు. కరువు ఆధ్యాత్మిక శూన్యత అంటాడు. పచ్చికబీడు పరమపదం అంటాడు. యుద్ధం మనస్సులో జరిగేది అంటాడు. వినడానికి ఎంత సొగసుగా వుంది! ఒక్కటే ప్రశ్న. పుల్లరి ఏమయింది? ఈ కథకు ఇరుసు పుల్లరి. ఆ మాట లేకపోతే యుద్ధమే లేదు. గడ్డి ఎవరిది, దేవుడు కురిపించిన వానకు మొలిచిన గడ్డికి రాజు పన్ను ఎందుకు వసూలు చేయాలి అన్నది ఆ కథ అడిగే ప్రశ్న. అది పదమూడో శతాబ్దంతో ఆగిపోయిన ప్రశ్న కూడా కాదు. నిజాం కాలంలో తెలంగాణ దేశ్‌ముఖుల గడీలకు గొర్రెల కాపరులు వెట్టికింద గొర్రెలను అప్పగించవలసివచ్చింది. 1946 జూలై 4న కడివెండిలో దొర గూండాల తుపాకీకి బలైన దొడ్డి కొమరయ్య గొర్రెల కాపరుల ఇంటివాడు. ఇంద్రియాలను వెట్టికి తోలుకుపోయారని ఆనాడు ఎవరూ అనలేదు.

సూర్యాపేట పక్కనే, విజయవాడ రహదారి వెంట, దురాజ్‌పల్లి పెద్దగట్టు వుంది. రెండేళ్లకొకసారి అక్కడ లింగమంతుల జాతర. గొల్లల జాతర. గజ్జెల లాగులు, భేరీల మోత, నెత్తిన గంపలు, "ఓ లింగా" అన్న కేక. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది, చంద్రపట్నం వేస్తారు. లింగమంతులకు నైవేద్యం మాత్రమే పెడతారు. అదే గట్టుమీద ఆయన సోదరి చౌడమ్మకు జీవాలను బలి ఇస్తారు.

ఈ చివరి సంగతి చూడండి. ఒకే గట్టు, ఒకే జాతర. అన్న మాంసం ముట్టడు, చెల్లెలు మాంసం లేకుండా ఒప్పుకోదు. మార్మికుడు దీన్ని ఒక్క క్షణంలో తేల్చేస్తాడు: పురుషుడు, ప్రకృతి. ఇక అడగడానికి ఏమీ లేదు. చరిత్ర తెలుసుకోదలచినవాడికి మాత్రం ఇక్కడినుంచే పని మొదలవుతుంది. ఈ ఇద్దరూ మొదటినుంచీ ఒకే గట్టు దేవతలా, లేక రెండు వేర్వేరు కొలుపులు ఒకచోట రాజీపడ్డాయా? రాజీ ఎవరెవరి మధ్య? గట్టుమీద ముందునుంచీ వున్నది ఎవరు? ఏ పని ఏ కులం చేస్తుంది, ఆ హక్కు ఎప్పటిది? చౌడమ్మ కరపత్రాల్లోకీ, పత్రికల్లోకీ వచ్చేసరికి చౌడేశ్వరి ఎట్లా అవుతున్నది? "అమ్మ"కూ "ఈశ్వరి"కీ మధ్య దూరం నాలుగక్షరాలది కాదు. ఆ దూరం నడిచేలోగా అర్చకుడు మారవచ్చు, భాష మారవచ్చు, కొన్నాళ్లకు నైవేద్యం కూడా మారవచ్చు. ఇన్ని ప్రశ్నలకు తావున్నచోట పురుషుడు, ప్రకృతి అని రెండు మాటలు చెప్పి తలుపు మూసేయడం లోతా, సోమరితనమా?

ఇంకొక ఉదాహరణ మిర్యాలగూడ వైపు నుంచి. కృష్ణా మూసీ కలిసే చోట, వాడపల్లిలో, అగస్త్యేశ్వరాలయం వుంది. అక్కడి స్థలపురాణం ఇది. బోయవాడు ఒక పిట్టను తరిమాడు. పిట్ట వచ్చి శివుడి శరణు కోరింది. వదలమని శివుడు అడిగితే, మరి నా ఆకలి మాటేమిటి అన్నాడు బోయ. నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడు శివుడు. బోయవాడు పదివేళ్లతో తీసుకున్నాడు. ఆ వేళ్ల గుర్తులు లింగంమీద ఇప్పటికీ వున్నాయని, గాయం కడగడానికి గంగ వచ్చిందని చెబుతారు.

పిట్ట జీవాత్మ, బోయ మృత్యువు అని వ్యాఖ్యానించడం సులభం. కాని ఈ కథ శక్తి అక్కడ లేదు. శిబి కథలో కూడా శరణాగతుడున్నాడు, మాంసదానముంది. అక్కడ తినవచ్చినది డేగ. ఇక్కడ తినవచ్చినవాడు మనిషి, అందులోనూ బోయ. వాడి ఆకలికి దేవుడు అహింస మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఆకలి న్యాయమైనదని ఒప్పుకున్నాడు. పిట్ట ప్రాణమూ దక్కాలి, బోయ కడుపూ నిండాలి. ఆ ఖర్చు పైనున్నవాడు భరించాలి అన్నది ఆ కథలోని న్యాయం. ఈ న్యాయాన్ని ఊహించినవాడు ఆకలి తెలిసినవాడై వుంటాడని నేను అనుకుంటాను. బోయను మృత్యువుగా మార్చిన మరుక్షణం ఆ న్యాయం చచ్చిపోతుంది. ఆకలిగొన్నవాడు కథలోంచి బహిష్కృతుడవుతాడు.

4

"మీరు చెప్పేది కూడా ఒక వ్యాఖ్యానమే కదా, వాళ్లది వాళ్లకు, మీది మీకు" అని కొందరు మధ్యేవాదులు అంటారు. వ్యాఖ్యానాలన్నీ సమానమైతే వాటి ఫలితాలు కూడా సమానంగా వుండాలి. అలా లేవు.

ఐర్లండునే చూడండి. కుహులిన్ అనే వీరుడు ఆ దేశపు ప్రాచీన గాథల్లో ముఖ్యుడు. 1916 తిరుగుబాటు జ్ఞాపకంగా డబ్లిన్ తపాలా కార్యాలయంలో 1935లో ప్రతిష్ఠించిన విగ్రహం ఆయనదే. అదే కుహులిన్‌ను ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ పక్షపాతులు 1990ల్లో తమ గోడలమీద అల్‌స్టర్ రక్షకుడిగా చిత్రించుకున్నారు. కథకు కాలాతీతమైన ఒకే అర్థం వుంటే ఈ రెండూ ఎలా సాధ్యం? కథ ఏ వర్గం చేతికి, ఏ పోరాటంలోకి వచ్చిందో దాన్నిబట్టి దాని అర్థం నిలబడుతుంది. మార్మికుడు కథను పోరాటాలకు అతీతం చేశాననుకుంటాడు. నిజానికి దాన్ని కాపలా లేకుండా వదిలేస్తాడు. కాపలా లేని కథను ఎవరు ఎత్తుకుపోతారో మన దేశంలో గత నలభై ఏళ్లుగా చూస్తూనే వున్నాం. 1987లో టెలివిజన్‌లో రామాయణం మొదలైన తర్వాత దేశ రాజకీయాలు ఎటు తిరిగాయో వేరే చెప్పనక్కరలేదు. భక్తితో చూసినవాళ్లు కోట్లమంది. ఆ భక్తిని ఓట్లుగా కోసుకున్నవాళ్లు వేరు.

"సర్వజీవుల్లో ఒకే ఆత్మ" అన్న మాట తీసుకోండి. ఈ మాటకు మన దేశంలో ఎన్ని వందల ఏళ్లనుంచి ప్రచారం వుందో లెక్కలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి, కులం దాటి పెళ్లి చేసుకున్న నేరానికి, పట్టపగలు నరికి చంపించారు. ఆ ఊళ్లో ఆత్మైక్యం బోధించే పుస్తకాలకు కొరత లేదు. ఆత్మలు ఒకటేనన్న సిద్ధాంతం మనుషులు వేరువేరుగా వుండడానికి ఎన్నడూ అడ్డు చెప్పలేదు కాబట్టే దాన్ని అన్ని కాలాల పాలకవర్గాలూ ఆదరించాయి. కజిన్స్ వంటి ఉదారులు దీన్ని కోరలేదు, నిజమే. కాని సిద్ధాంతాన్ని కోరికతో కాదు, అది లోకంలో చేసే పనితో కొలవాలి.

5

ఇక కోదాడ మిత్రుడి ప్రశ్నకు రావాలి. కథ మనల్ని ఎందుకు వదలదు?

ఈ ప్రశ్న మార్క్సిజానికి కొత్త కాదు. 1857లో రాసిన ఒక అసంపూర్ణ ఉపోద్ఘాతంలో మార్క్సే దీన్ని అడిగాడు. గ్రీకు కళకు నేల అయిన పురాణ ప్రపంచం రైళ్లూ టెలిగ్రాఫులూ వచ్చాక నిలవదు గదా, అయినా ఆ కళ మనకు ఇంకా ఆనందం ఎందుకు ఇస్తున్నది అని. మానవజాతి బాల్యంలోని అందం తిరిగిరాదు కనుకనే ఆకర్షిస్తుందని ఆయన సూచించాడు. అది దారి చూపే సూచన. దారంతా నడిచినట్టు కాదు.

ఆ దారిలో మరికొంత నడిచిన ఇద్దరిని నేను మన విద్యార్థుల ముందు పెట్టదలిచాను. మొదటివాడు జార్జి థామ్సన్. ఇంగ్లండులో పుట్టిన గ్రీకు పండితుడు, కమ్యూనిస్టు. 1923లో ఐర్లండు పడమటి తీరాన బ్లాస్కెట్ దీవికి వెళ్లి బెస్తవాళ్ల మధ్య వుండి వాళ్ల భాష నేర్చుకున్నాడు. తర్వాత గాల్వే కళాశాలలో ఆ భాషలోనే గ్రీకు బోధించాడు. హోమరును తాను అర్థం చేసుకున్నది ఆ పేదల మాటతీరు విన్న తర్వాతనే అని ఆయన భావించాడు. మార్క్సిజమూ కవిత్వమూ అన్న విషయంమీద రాసిన చిన్న పుస్తకంలో ఒక ముసలమ్మను గురించి చెబుతాడు. భర్త చనిపోయాడు, ఏడుగురు కొడుకులూ అమెరికా పోయారు. బావి దగ్గర నీళ్లు తోడుకుని సముద్రంవైపు చూస్తూ తన గోడు చెప్పుకుంటుంటే ఆ మాటలు తమంతట తామే కవిత్వమైపోయాయట.

కజిన్స్ చూసిన ఐర్లండూ, థామ్సన్ చూసిన ఐర్లండూ ఒకటే. ఒకరు కథలో ఆత్మ ప్రయాణాన్ని విన్నారు. మరొకరు కథ చెప్పే నోటిని విన్నారు, ఆ నోటికి తిండి ఎక్కడినుంచి వస్తుందో చూశారు. కొడుకులను ఓడలెక్కించిన పేదరికాన్ని చూశారు. అందుచేత ఆయనకు కథ తక్కువ అందంగా కనిపించలేదు, మరింత అందంగా కనిపించింది. కారణం తెలిస్తే అందం పోతుందన్న భయం మార్మికులది. అది అకారణ భయం.

రెండోవాడు మన కొశాంబి. ఆయన "పురాణమూ, వాస్తవమూ" అన్న గ్రంథం 1962లో వచ్చింది. పూనా చుట్టుపక్కల కాలినడకన తిరిగి, కూడళ్లలోని అమ్మతల్లుల రాళ్లనూ, పశుపాలకుల దేవుళ్లనూ, వాళ్లు మందలు తోలుకుపోయే బాటలనూ పరిశీలించి, దేవతల పెళ్లిళ్ల వెనుక జనసమూహాల కలయికనూ, దేవతల యుద్ధాల వెనుక వాటి ఘర్షణనూ చూపించాడు. పెద్దగట్టును గురించి అడగవలసిన ప్రశ్నలు ఎలా వుంటాయో ఆ పుస్తకం చదివినవాడికి తెలుస్తుంది.

వీళ్ల సహాయంతో నాకు తోచిన జవాబు ఇది. గాథ అనేది సమష్టి జ్ఞాపకం, సమష్టి కోరిక. జరిగినదాన్ని చెబుతుంది, జరగవలసినదాన్ని కూడా చెబుతుంది. పుల్లరి కట్టనని అనగలిగిన కాపరి వాస్తవంలో ఒక్కసారి వుండవచ్చు, కథలో ప్రతి రాత్రీ వుంటాడు. అడిగిన ప్రశ్నకు లోకం ఇంకా జవాబివ్వలేదు కనుక ఆ కథ మనల్ని వదలదు. గడ్డి ఎవరిది, ఆకలికి ఎవరు బాధ్యులు అన్న తగవులు తీరిననాడు కూడా కథలు వుంటాయి. బహుశా అప్పుడు మార్క్స్ చెప్పిన బాల్యంలాగా వుంటాయి. ఈనాడు మాత్రం అవి బాల్యం కాదు, తేలని వ్యాజ్యం.

ఇది మన ఉద్యమానికి తెలియని విషయమూ కాదు. తెలంగాణ పోరాటం పల్లెల్లో ఇంటింటికీ చేరినప్పుడు అది సిద్ధాంత గ్రంథాల మీద ఎక్కి రాలేదు. బుర్రకథ మీద, గొల్లసుద్దుల మీద, యక్షగానం మీద ఎక్కి వచ్చింది. సుద్దాల హనుమంతు వంటివాళ్లు గొల్లసుద్దుల ఫణితిని తీసుకుని దొరను, నిజామును అందులో నిలబెట్టారు. జనం తమ కథనే వింటున్నామనుకున్నారు, అది నిజం కూడా. ఆ కళాకారులు పురాణాన్ని అబద్ధమని కొట్టిపారేయలేదు, సంకేతమని ఆవిరి చేయలేదు. వ్యాజ్యంలో కొత్త సాక్ష్యం దాఖలు చేశారు.

ఆ సంప్రదాయం వారసులమని చెప్పుకుంటూ మనలో కొందరు పురాణం పేరెత్తగానే "మూఢనమ్మకం" అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పి లేచిపోతున్నారు. ఇది భౌతికవాదం కాదు. భౌతికవాది నమ్మకానికి కారణం వెతుకుతాడు, దాన్ని చూసి ముఖం తిప్పుకోడు. వీళ్లు ఖాళీ చేసిన కుర్చీలోనే మార్మికుడు కూర్చుంటున్నాడు. కథను ప్రేమించే కుర్రవాడికి ఒకవైపు వెక్కిరింపు, మరోవైపు ఆదరణ దొరికితే వాడు ఎటు వెళతాడో ఊహించడానికి తత్వశాస్త్రం అక్కరలేదు.

6

కనుక తెలుగు బోధించే మిత్రులకూ, చదివే మిత్రులకూ నా ప్రతిపాదన ఒక్కటే. మార్మికుల పుస్తకాలను నిషేధించమని నేను అనను. చదవండి. ప్రతి పేజీ దగ్గరా ఆగి, ఈ వ్యాఖ్యానంలో ఎవరు మాయమయ్యారు అని అడగండి. గొర్రెలు మాయమయ్యాయా? పుల్లరి మాయమయిందా? బోయ మాయమయ్యాడా?

తర్వాత బయటికి నడవండి. పెద్దగట్టు జాతర మళ్లీ వస్తుంది. సూర్యాపేట కళాశాల విద్యార్థులు సెల్‌ఫోన్‌తో సెల్ఫీలు తీసుకోవడం ఆపి, ముసలి కాపరులు చెప్పే కథను అదే ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ ఊరి గంప ముందు లేస్తుంది, పెట్టె ఎవరు మోస్తారు, చంద్రపట్నం ఎవరు వేస్తారు, పూర్వం దొరకు ఏమి చెల్లించేవారు, ఇప్పుడు మేతబీళ్లు ఏమయ్యాయి అని అడగండి. మిర్యాలగూడవాళ్లు వాడపల్లి కథను పూజారి నోటా, బెస్తవాడి నోటా వేర్వేరుగా వినండి. కోదాడవాళ్లు మేళ్లచెరువు శివరాత్రికి వెళ్లి ఎడ్లపందెం చూసి వచ్చేయకుండా, ఆ గుడి కథను ఎన్ని కులాలు ఎన్ని విధాలుగా చెబుతాయో రాసుకోండి. రెండు కథనాల మధ్య తేడా వస్తే సంతోషించండి. మార్మికుడికి ఆ తేడా అనవసరం. మనకు కావలసింది అదే. ఎందుకంటే తేడా వున్నచోట తగవు వుంటుంది, తగవు వున్నచోట మనుషులు వుంటారు.

జేమ్స్ కజిన్స్ మన దేశాన్ని ప్రేమించాడు. అందులో నాకు సందేహం లేదు. కాని ఆయన ప్రేమించిన భారతదేశంలో కాపరికి ఆత్మ వుంది, మంద లేదు. మన భారతదేశంలో కాపరికి మంద వుంది, దాన్ని మేపుకోవడానికి బీడు లేదు. ఈ రెండో దేశాన్ని గురించి కూడా ఆ పాత కథలే మాట్లాడుతున్నాయి. వాటిని ఆ మాట మాట్లాడనివ్వడం సాహిత్యం చదువుకున్నవాళ్లుగా మన పని.